కోర్టు తలుపు తీసి, లోపల గీతలు గీసిన టీచర్

2017 అక్టోబర్‌లో బెంగళూరులో ఆసియా అండర్-16 బాలికల బాస్కెట్‌బాల్ చాంపియన్‌షిప్ జరిగింది. మన దేశం అమ్మాయిలు బి డివిజన్‌లో ఆడి, అందులో గెలిచి, ఏ డివిజన్‌కు ఎక్కారు. అందరూ తొమ్మిదో తరగతి, పదో తరగతి ఈడు పిల్లలే. అంతకుముందు 2009లో ఈ పోటీ మొట్టమొదటిసారి జరిగింది కూడా మన దేశంలోనే, పుణేలో. అయినా ఈ రెండు వార్తలూ మనలో చాలామంది కంట పడి ఉండవు. ధర్మపురి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఆడపిల్లల ఆట అనగానే మనకు ముందు గుర్తొచ్చేవి కబడ్డీ, ఖోఖో. బాస్కెట్‌బాల్ కొంచెం దూరపు చుట్టం.

ఆ ఆటను మొదటిసారి ఆడపిల్లల చేతికి ఇచ్చిన వ్యాయామ ఉపాధ్యాయురాలి గురించి ఈ నెల చెప్పుకుందాం. ఆమె పేరు సెండా బెరెన్సన్. మన మాటలో చెప్పాలంటే ఒక పీఈటీ మేడం. ఆమె కథ నేరుగా సాగే కథ కాదు. ఆడపిల్లలకు కోర్టు తలుపు తీసింది ఆమే. లోపలికి వచ్చాక ఎవరు ఎంత దూరం పరుగెత్తవచ్చో గీతలు గీసింది కూడా ఆమే. ఆడపిల్లల తల్లిదండ్రులుగా మనకు ఆ రెండో సంగతి మొదటిదానికన్నా ఎక్కువ పనికొస్తుందేమో, చదివి మీరే చూడండి.

సెండా 1868లో లిథువేనియాలోని బుత్రిమోనిస్ అనే చిన్న ఊళ్ళో, ఒక యూదు కుటుంబంలో పుట్టింది. అప్పటికి ఆ ప్రాంతం రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉంది. 1875లో, ఆమెకు ఏడేళ్ళప్పుడు, కుటుంబమంతా అమెరికాలోని బోస్టన్ చేరింది. వాల్వ్రోయెన్‌స్కీ అనే ఇంటిపేరు అక్కడివాళ్ళ నోరు తిరగదని బెరెన్సన్‌గా మార్చుకున్నారు. తండ్రి గిన్నెలు, తట్టలు ఊరూరా తిరిగి అమ్మేవాడు. మన వైపు నుంచి గల్ఫ్‌కు పోయిన ఇళ్ళలో ఈ రకం మొదలు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. అన్న బెర్నార్డ్ హార్వర్డ్‌లో చదివి, తర్వాత ఇటలీ పాత చిత్రకళకు సంబంధించి పెద్ద పండితుడిగా పేరు తెచ్చుకున్నాడు. చెల్లెలికి అంత అదృష్టం పట్టలేదు. పిల్ల చిన్నప్పటి నుంచీ బలహీనం. తరచూ జబ్బు పడేది. దాంతో స్కూలు చదువు సగంలో ఆగింది. పియానో అంటే ప్రాణం. సంగీత కళాశాలలో చేరింది కూడా. గంటలకొద్దీ కూర్చుని సాధన చేయడానికి వెన్ను సహకరించలేదు. అదీ ఆగిపోయింది.

1890లో ఆమె బోస్టన్‌లోని ఒక వ్యాయామ శిక్షణ కళాశాలలో చేరింది. టీచర్ కావాలని కాదు, ఒంట్లో కాస్త బలం వస్తుందేమోనని. మొదట్లో ఆ కసరత్తులంటేనే ఆమెకు గిట్టేది కాదు. కొద్దిసేపటికే అలసిపోయేది. నెలలు గడిచేకొద్దీ వెన్ను నిలబడింది, ఆకలి పుట్టింది, నిద్ర పట్టింది. మందులు చేయని పని కసరత్తు చేసిందని ఆమెకు ఒంటితోనే అర్థమైంది. ఆ తర్వాత ఇక వేరే వృత్తి ఆలోచన రాలేదు. ఆటల టీచర్లందరూ చిన్నప్పుడు చాంపియన్లై ఉంటారని మనం అనుకుంటాం. ఈమె మాత్రం పీఈటీ పీరియడ్‌లో చెట్టు కింద కూర్చోబెట్టే రకం పిల్ల.

కోర్సు పూర్తి కాకముందే, 1892 జనవరిలో, నార్తాంప్టన్ ఊళ్ళోని స్మిత్ కళాశాలలో ఖాళీ ఉందంటే ఆమెను పంపారు. అది ఆడపిల్లల కళాశాల. అప్పటికి ఆ దేశంలో అమ్మాయిల పై చదువులంటేనే పెద్ద తగవు. 1873లో ఎడ్వర్డ్ క్లార్క్ అనే బోస్టన్ డాక్టరు ఒక పుస్తకం రాశాడు. ఎదిగే వయసులో ఆడపిల్ల మగపిల్లవాడిలాగా తల వంచి చదివితే ఒంట్లో శక్తంతా మెదడుకే పోతుందని, ఆ పిల్ల రేపు తల్లి కావడానికి పనికిరాదని దాని సారాంశం. ఆ పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. కాబట్టి మహిళా కళాశాలలు పిల్లలకు చదువుతో పాటు కసరత్తు తప్పనిసరి చేశాయి. మా దగ్గర చదివే అమ్మాయిలు నీరసించి పోవడం లేదు, చూడండి అని లోకానికి చూపించుకోవాల్సి వచ్చింది. చదువు ఒంటిని పాడుచేస్తుందని వాళ్ళ భయం. ఆట చదువును పాడుచేస్తుందని మన భయం. నూట యాభై ఏళ్ళలో భయం తిరగబడింది కానీ, పిల్ల మాత్రం రెండుసార్లూ కూర్చునే ఉంది.

స్మిత్‌లో సెండాకు ఎదురైన మొదటి చిక్కు మన పీఈటీ సార్లకూ తెలిసిందే. వరుసగా నిలబెట్టి, ఆజ్ఞలిచ్చి, చేతులు పైకి, కిందికి, పక్కకు ఆడించే డ్రిల్లు అమ్మాయిలకు విసుగు. తలనొప్పి అని తప్పించుకునేవాళ్ళు, హాజరు కోసం వచ్చి నిలబడేవాళ్ళు. వాళ్ళను నిజంగా కదిలించే ఆట ఏదైనా ఉందా అని ఆమె వెతకసాగింది.

స్మిత్ కళాశాలకు ముప్పై కిలోమీటర్ల లోపే స్ప్రింగ్‌ఫీల్డ్ ఊరు. అక్కడి వైఎంసీఏ శిక్షణ కళాశాలలో 1891 డిసెంబర్‌లో జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు, మంచు కాలంలో గదిలోపల ఆడుకోవడానికి ఒక కొత్త ఆట కట్టాడు. వ్యాయామశాల బాల్కనీకి, నేల నుంచి పది అడుగుల ఎత్తున, రెండు పండ్ల బుట్టలు కొట్టించాడు. పదమూడు నియమాలు రాసి గోడకు అంటించాడు. ఆ పది అడుగుల ఎత్తు ఇప్పటికీ మారలేదు. బుట్టలకు అడుగు ఉండేది కాబట్టి గోల్ పడ్డప్పుడల్లా బంతిని పైకి వెళ్ళి తీయాల్సి వచ్చేది. ఈ సంగతి సెండా వైఎంసీఏ పత్రికలో చదివింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇరవై మూడేళ్ళ పిల్ల, మగవాళ్ళ కోసం పుట్టి నెలలు కూడా నిండని ఆటను తన విద్యార్థినులతో ఆడించి చూసింది. డ్రిల్లుకు తలనొప్పి వచ్చిన అమ్మాయిలకు దీనికి రాలేదు.

1893 మార్చిలో మొదటి పోటీ పెట్టారు. రెండో ఏడాది విద్యార్థినులకూ మొదటి ఏడాది వాళ్ళకూ. జట్టుకు తొమ్మిది మంది. వ్యాయామశాల నిండా అమ్మాయిలు, తరగతి రంగుల జెండాలు, పాటలు, అరుపులు. మగవాళ్ళకు మాత్రం ప్రవేశం లేదు. అమ్మాయిలు ఆట కోసం వదులుగా ఉండే పొట్టి దుస్తులు వేసుకున్నారు. వాటిలో వాళ్ళను పరాయి మగవాళ్ళు చూడటం అప్పటి మర్యాదకు కుదరదు. (ఇక్కడ ఒక మాట. మన బతుకమ్మ ఊరి నడుమ, అందరి ఎదుట ఆడే ఆడవాళ్ళ ఆట. పొరుగు దేశాల పద్ధతులు చదివేటప్పుడు మన దగ్గర ముందే ఉన్నవేమిటో కూడా గుర్తు పెట్టుకోవాలి.)

ఆట మొదలవుతూనే ప్రమాదం జరిగింది. సెండా మధ్యలో నిలబడి బంతి పైకి విసిరింది. అది మొదటి ఏడాది జట్టు సెంటర్ చాచిన చేతికి తగిలింది. ఆ అమ్మాయి కింద పడి భుజం ఎముక జారింది. మొదటి పోటీ, మొదటి నిమిషం, విసిరింది టీచర్. అక్కడితో ఆట ఆపేయమని పైవాళ్ళు అన్నా ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు. సెండా ఆపలేదు. గాయపడిన పిల్లను లోపలికి తీసుకెళ్ళి భుజం సరిచేశారు, ఆమె స్థానంలో ఇంకొకరు దిగారు, ఆట సాగింది. రెండో ఏడాది వాళ్ళు 5-4తో గెలిచారు. స్కోరు చిన్నదే. మన దగ్గర రెండు సెక్షన్ల మధ్య మ్యాచ్‌లో కూడా అంతకన్నా ఎక్కువ పడతాయి. కానీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ లెక్క అక్కడి నుంచే మొదలు.

ఆ గాయం ఒక్కటే కారణం కాకపోవచ్చు కానీ, సెండా ఆ ఆటను అమ్మాయిలకు తగ్గట్టు మార్చే పనిలో పడింది. కోర్టును అడ్డంగా మూడు భాగాలు చేసింది. ఎవరి భాగంలో వాళ్ళే ఆడాలి, గీత దాటకూడదు. ఎదుటివాళ్ళ చేతిలోని బంతి లాక్కోకూడదు. మూడు సెకన్లకు మించి బంతి పట్టుకోకూడదు. మూడుసార్లకు మించి నేలకు కొట్టకూడదు.

ఈ నియమాలను ఇవాళ చదివితే నవ్వు రావచ్చు. కొంచెం ఆగి చూస్తే వీటిలో రెండు రకాల ఆలోచనలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి నిజంగా మంచి టీచర్ ఆలోచన. గట్టిగా ఉన్న ఇద్దరు ముగ్గురు పిల్లలే బంతిని అట్టే పెట్టుకుని, మిగతావాళ్ళు పేరుకు మాత్రం కోర్టులో తిరిగే ఆటను మనం అందరం చూశాం. మూడు భాగాల గీత ఉంటే వెనక నిలబడ్డ పిల్ల చేతికి కూడా బంతి రాక తప్పదు. మూడు సెకన్లే అంటే పక్కవాళ్ళకు అందించక తప్పదు. చిన్నప్పుడు తాను వెనక మిగిలిపోయిన పిల్ల కనుక సెండాకు ఈ బాధ తెలుసు.

రెండోది భయం. ఎక్కువ పరుగెత్తితే అమ్మాయిల గుండె, నరాలు తట్టుకోలేవని డాక్టర్లు అంటున్నారు. అమ్మాయిలు ఒకరినొకరు తోసుకుంటే, అరుచుకుంటే కన్నవాళ్ళు, కళాశాల పెద్దలు ఏమనుకుంటారో. ఆటే రద్దయిపోతే ఎలా? ఆట బతకాలంటే కొంత తగ్గించి ఇవ్వక తప్పదనే లెక్క కూడా ఆమె వేసుకుని ఉంటుందని నా అనుమానం. ఆ కాలానికి ఆ లెక్క తప్పని అనలేం. గీతలతోనైనా కొన్ని వేల మంది అమ్మాయిలు కోర్టులోకి వచ్చారు. గీతలు లేకుండా అయితే ఎంతమందిని రానిచ్చేవారో చెప్పలేం.

ఆట మాత్రం ఆమె చేతిలో నిలవలేదు. ఏడాదిలోపే ఊరూరా పాకింది. ఎక్కడికక్కడ సొంత నియమాలు. దక్షిణాన న్యూ ఆర్లీన్స్‌లో క్లారా బేర్ అనే ఉపాధ్యాయురాలు 1895లో తన నియమాలు అచ్చు వేసింది. సెండా గీతలకన్నా అవి ఇంకా బిగుతు. అమెరికా పడమటి చివర మాత్రం అమ్మాయిలు ఇంకో అడుగు ముందుకు వేశారు. 1896 ఏప్రిల్‌లో స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల అమ్మాయిల జట్లు శాన్ ఫ్రాన్సిస్కోలో తలపడ్డాయి. అక్కడా మగవాళ్ళను రానివ్వలేదు. చూడటానికి వందల మంది ఆడవాళ్ళు వచ్చారు. స్టాన్‌ఫర్డ్ 2-1తో గెలిచింది.

ఈ రకం పోటీ సెండాకు నచ్చేది కాదు. ఒక కళాశాల అమ్మాయిలు ఇంకో కళాశాల మీదికి పోయి ఆడటాన్ని ఆమె చివరిదాకా వ్యతిరేకించింది. స్మిత్‌లో తరగతుల మధ్య పోటీలే ఉండేవి. మగవాళ్ళ కళాశాలల ఆటల్లో అప్పటికే టికెట్ల డబ్బు, పందేలు, గాయాలు, ఎలాగైనా గెలవాలనే పట్టుదల చేరాయి. ఆ దారిలోకి అమ్మాయిలను పోనివ్వకూడదని ఆమె వాదన. ఆట ఆడే పిల్ల కోసం ఉండాలి, చూసేవాళ్ళ కోసం, కళాశాల పేరు కోసం కాదని ఆమె పట్టు. ర్యాంకులను ఫ్లెక్సీల మీద వేసుకునే స్కూళ్ళ లోకంలో ఉండి ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయడం మనకు తగదు. అయితే పోటీ లేకపోవడం వల్ల పోయేదేమిటో ఆమె లెక్కలోకి రాలేదు. తన కన్నా బాగా ఆడే పిల్ల ఎదురుపడితే తప్ప తాను ఎంత ఆడగలదో ఏ అమ్మాయికీ తెలియదు.

1899లో ఊరికో రకం నియమాలను ఒకటి చేయడానికి స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒక కమిటీ వేశారు. 1901లో మహిళల బాస్కెట్‌బాల్ నియమావళి సెండా సంపాదకత్వంలో పుస్తకంగా వచ్చింది. 1905 నుంచి 1917 దాకా ఆ కమిటీకి ఆమే అధ్యక్షురాలు. ఆమె పని బంతి ఒక్కదానితో అయిపోలేదు. 1897లో స్వీడన్ వెళ్ళి అక్కడి వ్యాయామ పద్ధతులు నేర్చుకుంది. కత్తిసాము, జానపద నృత్యాలు స్మిత్‌లో ప్రవేశపెట్టింది. 1901లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన కాన్‌స్టన్స్ ఆపిల్‌బీతో కలిసి హాకీ మొదలుపెట్టించింది. వెన్ను నొప్పి, వంకర ఉన్న పిల్లలకు విడిగా కసరత్తులు నేర్పేది. తన కథ తాను మరిచిపోలేదన్నమాట.

1911లో స్మిత్‌లోనే ఇంగ్లీష్ చెప్పే హెర్బర్ట్ వాన్ అబట్‌ను పెళ్ళి చేసుకుని ఆ కళాశాల ఉద్యోగం వదిలేసింది. తర్వాత పదేళ్ళు అదే ఊళ్ళో ఒక బాలికల పాఠశాలలో పనిచేసింది. 1929లో భర్త పోయాక కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో చెల్లెలి దగ్గర చేరింది. 1954 ఫిబ్రవరిలో, ఎనభై అయిదేళ్ళ వయసులో అక్కడే కన్నుమూసింది.

ఆమె ఉద్యోగం మానేసినా ఆమె గీతలు మాత్రం మానలేదు. 1923 నుంచి అమెరికాలో వ్యాయామ రంగంలోని మహిళా పెద్దలే అమ్మాయిల చాంపియన్‌షిప్‌లకు వ్యతిరేకంగా ఉద్యమం నడిపారు. చాలాచోట్ల స్కూలు పోటీలు ఆగిపోయాయి. పిల్లల మేలు కోరే వాళ్ళే ఆ పని చేశారు. అదే కాలంలో పక్కనే కెనడాలో ఎడ్మంటన్ గ్రాడ్స్ అనే అమ్మాయిల జట్టు, ఒక స్కూలు పూర్వ విద్యార్థినులతో కట్టిన జట్టు, 1915 నుంచి 1940 దాకా దేశాలు తిరిగి ఆడి ఐదు వందలకు పైగా మ్యాచ్‌లు గెలిచింది. వాళ్ళ గుండెలకు ఏమీ కాలేదు. నైస్మిత్ స్వయంగా వాళ్ళ ఆటను మెచ్చుకున్నాడు.

మూడు భాగాల కోర్టు 1938లో రెండు భాగాలైంది. ముగ్గురు ఒక సగంలో గోల్ వేయడానికి, ముగ్గురు రెండో సగంలో కాపాడటానికి. కాపాడే అమ్మాయి జీవితంలో ఒక్కసారి కూడా బుట్టలో బంతి వేయకుండా స్కూలు చదువు ముగించేది. అమెరికా మహిళా కళాశాలల్లో ఐదుగురు ఆడే నిండు కోర్టు ఆట 1971లో గానీ నియమం కాలేదు. ఐయోవా రాష్ట్రంలో స్కూలు అమ్మాయిలు 1993 దాకా సగం కోర్టులోనే ఆడారు. అంటే మొదటి మ్యాచ్ జరిగి సరిగ్గా నూరేళ్ళు. ఒకప్పుడు ఆటను బతికించడానికి వేసిన కంచె, ఆ అవసరం తీరిపోయాక కూడా తీసేవాళ్ళు లేక నిలిచిపోయింది.

మన ఇళ్ళలో కంచెలు కూడా ఇలాగే మంచి మనసుతోనే లేస్తాయి. ఏడో తరగతి దాకా పరవాలేదు, ఆ తర్వాత పొద్దుపోయేదాకా ప్రాక్టీస్ ఎందుకు? ఎండకు నల్లబడుతుంది. మండల స్థాయికైతే పంపుతాం, జోనల్‌కు వేరే ఊరు పోవాలంటే ఎవరు తోడు పోతారు? పదో తరగతి కదా, ఈ ఒక్క ఏడాది ఆపమ్మా. ఇందులో ఏ ఒక్క మాటా చెడ్డది కాదు. రాత్రి బస్సులో ఆడపిల్ల రావడం గురించిన బెంగ ఊహ కాదు, నిజమే. కానీ ఈ గీతలు తీసే తేదీ ఎవరూ వేయరు. స్కూల్ గేమ్స్ పోటీలు అండర్-14, అండర్-17, అండర్-19 అని మూడు మెట్లుగా ఉంటాయి. మొదటి మెట్టు మీద కనిపించిన అమ్మాయిలను మూడో మెట్టు మీద లెక్కపెట్టమని మీ పిల్లల పీఈటీ సార్‌ను అడిగి చూడండి. తోడు పంపడం, ప్రయాణం ఏర్పాటు, పోయిన క్లాసులు మళ్ళీ చెప్పించడం స్కూలు చూసుకోవాల్సిన పనులు. వాటిని గట్టిగా అడగడం మీ హక్కు.

స్ప్రింగ్‌ఫీల్డ్ ఆట మన దక్షిణాదికి వచ్చిన దారి కూడా టీచర్లదే. ఆ కళాశాలలోనే చదివిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ కళాశాల పెట్టాడు. అక్కడ శిక్షణ పొందినవాళ్ళు దక్షిణాది స్కూళ్ళలో డ్రిల్లు మాస్టర్లుగా చేరారు. మైదానంలో రెండు స్తంభాలు పాతి, బోర్డు కొట్టి, ఇనుప కడియం బిగించే పని చాలా ఊళ్ళలో అలా మొదలైంది.

దేశాల మధ్య పోటీల సంగతికొస్తే, మొదటి మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్ 1953లో చిలీ దేశంలోని శాంటియాగోలో జరిగింది. అప్పటికి సెండా ఇంకా బతికే ఉంది. ఒలింపిక్స్‌లో మహిళల బాస్కెట్‌బాల్ 1976లో, మాంట్రియల్‌లో చేరింది. మగవాళ్ళకన్నా నలభై ఏళ్ళు ఆలస్యం. 1985లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో మొదటిసారి మహిళలకు చోటిచ్చినప్పుడు సెండా పేరు ఆ మొదటి వరుసలోనే చేరింది. అదే 1985లో, అదే అమెరికాలో, కొలరాడో స్ప్రింగ్స్‌లో మొదటి అండర్-19 బాలికల ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది. ఆమె వద్దన్న పోటీ అది. గెలిచింది సోవియట్ జట్టు, అంటే ఏడేళ్ళ సెండాను తీసుకుని ఆమె తల్లిదండ్రులు వదిలి వచ్చిన వైపు నుంచి వచ్చిన అమ్మాయిలు.

ఇవాళ అండర్-16 అమ్మాయిల అంతర్జాతీయ మ్యాచ్ పది నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు. కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, మగవాళ్ళకు ఉన్నంతే. బుట్ట అదే పది అడుగుల ఎత్తు. బంతి ఒక్కటే కాస్త చిన్నది. అడ్డంగా ఒకే ఒక్క గీత ఉంటుంది, సరిగ్గా మధ్యలో. ఆ గీతను ఐదుగురు అమ్మాయిల్లో ఎవరైనా దాటవచ్చు, బంతిని మాత్రం జట్టు దాటించి తీరాలి. అది కూడా ఎనిమిది సెకన్లలోపు.